నూట ఇరవై అంగల మైదానం

మెడలో టేపు లేకుండా టైలరుగారిని చూసినవాళ్లు ఆ వీధిలో లేరు. భోజనం చేసేటప్పుడూ అది మెడలోనే ఉంటుంది, అప్పుడప్పుడూ మంచినీళ్ల గ్లాసులో మునుగుతుంది కూడా. చొక్కా చంక దగ్గర పావంగుళం తేడా వస్తే కుట్లన్నీ విప్పి మళ్లీ మొదలుపెట్టే మనిషి. అంతటి మనిషీ శనివారం సాయంత్రం అయ్యేసరికి టేపును దుకాణంలో మేకుకు తగిలించి, ఫుట్‌బాల్ మైదానాన్ని మాత్రం అంగలతో కొలిచేవాడు.

ఆ పని ఆయనకు మామగారి దగ్గర నుంచి వచ్చింది. క్లబ్బు పెట్టిందే మామగారు. ఆరడుగుల పైన ఉండేవాడు. మైదానం పొడవు నూట ఇరవై అంగలు, వెడల్పు డెబ్బై అంగలు, టేపు పట్టుకున్నవాడు చేతకానివాడు అన్నది ఆయన సిద్ధాంతం. పోయేముందు అల్లుణ్ణి మంచం పక్కన కూర్చోబెట్టుకుని, మైదానంలోకి టేపు తీసుకెళ్లనని ఒట్టు వేయించుకున్నాడు. టైలరుగారేమో పొట్టి మనిషి. మామగారి అంగ అందుకోవడానికి ఆరు నెలలు సాధన చేశాడు, రెండు ప్యాంట్లు చింపుకున్నాడు. అప్పటినుంచి పంతొమ్మిదేళ్లుగా అదే అంగ. పెనాల్టీ చుక్కకీ బాక్సుకీ లీగువాళ్లిచ్చిన ముడుల తాడు ఉంది కాబట్టి వాటితో పేచీ లేదు. బయటి గీతలు మాత్రం పూర్తిగా కాళ్ల పని. గోలుపోస్టుల్ని వారమంతా బడి గోడకు ఆనించి ఉంచి, శనివారం ఆయన వేలు చూపించినచోట నిలబెడతారు.

ఇక క్లబ్బు ఘనత. పంతొమ్మిదేళ్లలో పదకొండుసార్లు లీగులో అట్టడుగున నిలిచింది. మిగతా ఎనిమిదిసార్లు అంతకన్నా అధ్వాన్నమైన జట్టు ఒకటి దొరికింది. అందరూ ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, సగంమందికి పొట్టలు. కెప్టెను బస్సు డ్రైవరు, నలభై ఒకటి నిండాయి. మొదటి సగం ఆడి, రెండో సగమంతా నడుం మీద చేతులు పెట్టుకుని సలహాలిచ్చేవాడు.

అలాంటి జట్టు ఈ ఏడాది సొంత మైదానంలో ఆడిన ఏడు మ్యాచుల్లో ఏడూ గెలిచింది. బయటి ఊళ్లలో కూడా కిందామీదా పడి డ్రాలు తెచ్చుకుంది. కెప్టెను చివరి నిమిషం దాకా పరుగెడుతున్నాడు. అదేమంటే రోజుకు రెండు సిగరెట్లు తగ్గించానన్నాడు. గోల్‌కీపరుగా నిలబడే పోస్ట్‌మ్యాను తన కొత్త గ్లవుజుల మహిమ అన్నాడు. టైలరుగారు ఎవరితోనూ వాదించలేదు. ఈసారి జెర్సీల చంకల్లో తాను వదులు పెట్టి కుట్టిన సంగతి దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు, అంతే.

ఆఖరి మ్యాచు ఆదివారం, సొంత మైదానంలోనే. గెలిస్తే కప్పు. ఆ తర్వాత ఇక ఆడనని కెప్టెను ముందే చెప్పేశాడు. శుక్రవారం పొద్దున టైలరుగారి భార్య పెరట్లో గీతల సున్నం జల్లిస్తూ అడిగింది.

"ఏమండీ, ఏటా ఎనిమిది బకెట్లు పట్టేది కదా. ఈ ఏడాది ఏడుతోనే గీతలు అయిపోతున్నాయేం?"

"పొదుపుగా పోస్తున్నాను."

"మీరా? మొన్న మీ చెప్పుల్లోంచే అరబకెట్టు దులిపాను." ఆమె జల్లెడ పక్కన పెట్టి ఆయన కాళ్లకేసి చూసింది. "వంటింట్లోంచి వాకిట్లోకి ఇదివరకు ఆరంగల్లో వచ్చేవారు. మిషను తొక్కీ తొక్కీ మోకాలు పట్టేసిందగ్గర్నుంచి ఏడు పడుతున్నాయి."

టైలరుగారు వంటింట్లోంచి వాకిట్లోకి నడిచి లెక్కపెట్టుకున్నాడు, ఏడే. మర్నాడు తెల్లవారగానే ఒట్టు గట్టున పెట్టి మైదానానికి టేపు పట్టుకెళ్లాడు. బట్టలు కొలిచే టేపు మీటరున్నర ఉంటుంది. పాడు మోకాలితో డెబ్బైరెండుసార్లు వంగి లేచి, కిందటి మ్యాచుకు వేసిన గీత నుంచి గీతకు కొలిచాడు. నూట ఎనిమిది మీటర్లు. మామగారి అంగ మీటరు మీద అంగుళంపైచిలుకు, ఆ లెక్కన నూట ఇరవై మూడున్నర ఉండాలి. పదిహేనున్నర మీటర్లు ఆయన మోకాలు మింగేసింది. వెడల్పు కొలిచే ధైర్యం లేకపోయింది.

ఏడు విజయాలూ దొంగ సొమ్మేనని ఆయనకు తోచింది. ఆ సంగతి బయటపడితే అన్నీ కొట్టేస్తారు. బస్సు షెడ్డుకు వెళ్లి కెప్టెనుకు చెప్పాడు. కెప్టెను స్టీరింగు మీద తల ఆనించాడు.

"బాబాయ్, నాకిదే ఆఖరి మ్యాచు. రేపొక్కరోజు నోరు కుట్టేసుకో. కుట్టుపనేగా."

కుట్టుకుందామనే అనుకున్నాడు పాపం. కానీ పావంగుళం తప్పున్న చొక్కాను గుమ్మం దాటనివ్వని మనిషికి, పదిహేను మీటర్ల తప్పున్న కప్పు ఎలా జీర్ణమవుతుంది? ఆదివారం జట్లు బట్టలు మార్చుకుంటుండగా, లీగు తరఫున వచ్చిన పరిశీలకురాలి ముందు నిలబడి అంతా కక్కేశాడు. పక్కన కెప్టెను ఆకాశంలోకి చూస్తున్నాడు.

ఆవిడ పొడవాటి ఉక్కుటేపు తెప్పించి రెండువైపులా కొలిపించింది.

"నూట ఎనిమిది. అయితే ఏమిటి?"

"తక్కువ కదండీ."

"తొంభై నుంచి నూట ఇరవై దాకా ఎంతైనా ఉండొచ్చు. వెడల్పుకీ ఢోకా లేదు. రూల్సు పుస్తకం ప్రతి క్లబ్బుకీ ఇచ్చాంగా, చదవలేదా?"

క్లబ్బువారి పుస్తకం చాలా ఏళ్లుగా ఆఫీసుగదిలో బల్ల ఊగకుండా కాలి కింద సేవ చేస్తోంది.

"ఇంతకుముందు ఎంత ఉండేది?" అందావిడ.

"నూట ఇరవై మూడున్నరండి," అన్నాడు టైలరుగారు, ఈ అంకె అయినా గర్వంగా చెప్పుకోవచ్చని.

ఆవిడ కళ్లద్దాలు తీసింది. "అలా వేస్తేనే తప్పు. మళ్లీ ఎప్పుడూ వేయకండి."

కెప్టెను ఆకాశం నుంచి దిగివచ్చాడు. ఇరవై రెండో ఏట ఈ జట్టులో చేరినవాడు. పెదవులు కదిలిస్తూ ఏవో లెక్కలు వేసుకుని, సున్నం గీత మీద చతికిలబడ్డాడు.

"పంతొమ్మిదేళ్లు, బాబాయ్," అన్నాడు.

ఆ ఉక్రోషమో ఏమో, ఆ రోజు అతణ్ణి ఆపడం ఎవరివల్లా కాలేదు. రెండు గోల్సూ అతనివే. రెండు ఒకటితో గెలిచి కప్పు పట్టుకున్నారు. అందరూ ఎగురుతుంటే టైలరుగారు మాత్రం ఓ మూల నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. నిజంగా ఏడ్చాడు. ఆయన దొంగ కాదు.

ఇంటికి వెళ్లే దారిలో టైలరుగారూ కెప్టెనూ ఒక మాట అనుకున్నారు. మామగారి కొలతే తప్పన్న సంగతి టైలరుగారి భార్యకు తెలియకూడదు. ఎంతైనా ఆమె తండ్రి, అందులోనూ పోయిన మనిషి.

గుమ్మంలోనే ఆమె అడిగింది. "లీగు ఆవిడ కొలిచిందటగా. ఏమంది?"

"ఆటకు అడ్డం లేదంది. మీ నాన్నగారి కొలతే సిసలైనదట. నాదే కాస్త పొట్టి," అన్నాడు టైలరుగారు కప్పుకేసి చూస్తూ. కెప్టెను గట్టిగా తలాడించాడు.

"ఊరుకోండి, నాకు చెప్తారా. చిన్నప్పుడు ఆయన వేలు పట్టుకుని బడికి వెళ్లేదాన్ని. ఆయనది నడక, నాది పరుగు. బడి చేరేసరికి రొప్పుతో నోట మాట వచ్చేది కాదు. వెనక ఒకతి పరుగెత్తుకొస్తోందని ఒక్కనాడూ తిరిగి చూసేవాడు కాదు. ప్రాణంగా పెంచాడు నన్ను, కానీ చూసేవాడు కాదు."

"మాకూ అంతే పిన్నీ. పంతొమ్మిదేళ్లు ఆయన అంగల వెంట పరుగే," అన్నాడు కెప్టెను.

ఆమె అతణ్ణి కూర్చోమని కుర్చీ లాగి, లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చింది.