ట్రంకుపెట్టె ఎవరు సర్దుకోవాలి

మా గిద్దలూరు పక్క పల్లెల్లో ఇంటికో మిలిటరీ మనిషి ఉంటాడు. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు పొలం సంగతి అడిగాక, "మిలిటరీలో ఎవరున్నారు?" అని కూడా అడుగుతారు. కానీ మా ఊరి నుంచి ఆడపిల్ల పోవడం మాత్రం నాతోనే మొదలు.

నాయనా అమ్మా మిరప చేలల్లో కూలికి పోయేవాళ్లు. ఆదివారం చర్చి, మిగతా రోజులు చేను. నన్ను మిలిటరీ దారి పట్టించింది ఒక రిటైరైన సుబేదారు. గిద్దలూరు గ్రౌండులో పొద్దున్నే పిల్లలను పరిగెత్తించేవాడు. వాళ్లది పొలమున్న ఇల్లు, మాది ఆ పొలంలో పనిచేసే ఇల్లు. అమ్మ ఆయన్ను అన్నా అంటుంది గనక నాకు మామ అయ్యాడు. మిలిటరీ పోలీసులో ఆడపిల్లలను జవాన్లుగా తీసుకుంటున్నారని తెలిసిన రోజు ఆయనే మా ఇంటికి వచ్చాడు.

"అమ్మాయిని గ్రౌండుకు పంపు," అన్నాడు అమ్మతో.

"ఆడపిల్ల యాడ పరిగెత్తుద్దన్నా మగపిల్లోళ్లతో?"

"మీ మేక చేలో పడితే రోజూ ఎవరు పరిగెత్తి పట్టుకొస్తుండారు? మీ ఆయనా?"

అమ్మ నవ్వింది. మరుసటి రోజు నుంచి నేను గ్రౌండులో ఉన్నాను. సెలక్షన్ వచ్చిన ఆదివారం పాస్టరుగారు నన్ను ముందుకు పిలిచి ప్రార్థన చేశారు. మామ చర్చి గుమ్మం బయట మిఠాయి పొట్లాం పట్టుకుని, ప్రార్థన అయ్యేదాకా అటెన్షన్‌లో నిలబడ్డాడు.

ట్రైనింగు నాకు పండగలా గడిచింది. అసలు కష్టం పోస్టింగులో మొదలైంది. మాకు డ్యూటీలు వేసే సీనియర్ హవల్దారు ఒకడుండేవాడు. మొదట్లో మాటలే. యూనిఫాం బిగుతుగా ఉందనీ, నవ్వితే బాగుంటావనీ. వినపడనట్టు ఉండేదాన్ని. ఒక మధ్యాహ్నం స్టోర్ రూములో దుప్పట్లు దించాలి రమ్మన్నాడు. వెళ్లాను. వెనక తలుపు మూసి నా నడుము మీద చెయ్యి వేశాడు.

ట్రైనింగులో నేర్పిన మోచేతి దెబ్బ ఒకటుంది. ఆలోచించి కొట్టలేదు, దానంతట అదే పడింది. వాడు దుప్పట్ల గుట్టలో వెల్లకిలా పడ్డాడు, పైనుంచి ఇంకో దుప్పటి జారి వాడి మొహం మీద పడింది. నేను తలుపు తీసుకుని బయటపడ్డాను. ఆ దృశ్యం తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం బారక్‌కు చేరేదాకా వెనక్కి చూడకుండా పరిగెత్తాను.

నా పక్క మంచం పిల్లది హర్యానా. గట్టి మనిషి, గట్టి గొంతు. జరిగింది విని, "లే, ఆఫీసుకు పోదాం," అంది. పోయాం. అక్కడి క్లర్కు తల ఎత్తకుండానే చెప్పాడు: "ఏ అర్జీ అయినా మీ సీనియర్ ద్వారా రావాలి. ఆయన సంతకం పెట్టించుకుని రండి."

"ఆ సీనియర్ మీదే అర్జీ," అన్నాను.

"అయినా రూలు రూలే."

బయటికి వచ్చాక నా స్నేహితురాలు మెట్ల మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. "అంటే కోడి పోయిందని నక్కకు అర్జీ పెట్టుకోవాలన్నమాట!" అంది. నవ్వీ నవ్వీ ఆమె కళ్లలో నీళ్లు. నావి నవ్వు నీళ్లు కావు.

ఆ తరువాత నాకు అన్నీ ఎండ డ్యూటీలే పడ్డాయి. ఎవరికి చెప్పాలో తెలియక చివరికి మామకు ఫోను చేశాను. మిలిటరీలో ఇవన్నీ మామూలే, సర్దుకుపో అంటాడేమోనని చెబుతున్నంతసేపూ భయపడుతూనే ఉన్నాను.

"బిడ్డా," అన్నాడు. "మా సర్వీసులో ఇట్లాంటివి చెవిన పడితే మనకెందుకులే అని మొహం తిప్పుకొని పోయినోళ్లమే అందరం. ఇప్పుడు తిప్పుకోను. యాడికి రావాలో చెప్పు."

"నువ్వొచ్చి ఏం చేస్తావు మామా?"

"ఏం చేస్తానో నాకూ తెల్వదు. వస్తా."

వచ్చాడు. ఒక్కడే రాలేదు, అమ్మను కూడా తీసుకొచ్చాడు. గుంటూరు దాటి ఎప్పుడూ పోని అమ్మ రెండు రైళ్లు మారి, సంచి నిండా చెక్కలూ కారప్పొడీ మోసుకుని దిగింది. మామ ఇస్త్రీ చేసిన కోటుకు మెడల్స్ అన్నీ పెట్టుకొచ్చాడు. గేటు దగ్గర ఆపేశారు. లోపలికి రావడానికి లేదు, విజిటర్స్ గదిలో కూర్చోమన్నారు. కూర్చున్నారు. నాకు డ్యూటీ, వెంటనే పోయి కలవడానికి వీల్లేదు.

తరువాత గేటు సెంట్రీలు చెప్పారు. అమ్మకు హిందీ ఒక్క ముక్క రాదు. అయినా పొద్దుటి నుంచి వచ్చిన ప్రతి సెంట్రీకీ "తిను నాయనా, ఎండలో నిలబడి నిలబడి ఎట్లయిపోయినావో" అంటూ చేతిలో చెక్కలు పెట్టింది. మధ్యాహ్నానికి గేటు మొత్తం అమ్మ పక్షం అయిపోయింది. అందులో ఒకడు వెళ్లి, యూనిట్‌లో మహిళల ఫిర్యాదుల కమిటీ చూసే లేడీ ఆఫీసరుకు చెప్పాడట: "మేడమ్, ఒక ముసలి సుబేదారు సాబూ ఒక తెలుగు అమ్మా పొద్దుటి నుంచి కూర్చుని ఉన్నారు. ఎందుకొచ్చారంటే చెప్పడం లేదు. పెద్ద ఆఫీసరుకే చెబుతారట."

ఆ మేడమ్ తనే గేటుకు నడిచొచ్చింది. నన్నూ పిలిపించింది. నేను వెళ్లేసరికి అమ్మ తెలుగులో దంచుతోంది, మామ హిందీలోకి మారుస్తున్నాడు.

"మా బిడ్డను కన్నది దేశానికి కాపలా కాయడానికి గానీ వాడి చేతికి తగలడానికి కాదు. వాడికి అక్కాచెల్లెండ్లు లేరా? వాడి చెయ్యి ఇరగ! ఇంతమంది తుపాకులు పట్టుకొని ఉండారే, ఒక్కరికన్నా కళ్లు లేవా?" అంది అమ్మ.

మామ గొంతు సవరించుకుని, "మేడమ్, తల్లిగా ఆమె కొంచెం బాధపడుతోంది," అన్నాడు హిందీలో.

అమ్మ ఊరుకోలేదు. "అన్నా, నేనంత పొడుగు చెప్తే నువ్వు ఇంత పొట్టిగా చెప్పినావేంది? చెయ్యి ఇరగ అన్నది చెప్పినావా లేదా?"

మేడమ్ నవ్వు ఆపుకుంటూ, "అవసరం లేదు సాబ్, ఆమె మొహం చూస్తే మొత్తం అర్థమైంది," అంది. తరువాత నా వైపు తిరిగింది. ఆ నవ్వు పోయింది. "ఇన్నాళ్లూ నా దగ్గరికి ఎందుకు రాలేదు?"

"హవల్దారు సంతకం లేకుండా రాకూడదన్నారు మేడమ్."

"నీ ఫిర్యాదు నా చేతికి ఇవ్వు. మధ్యలో ఎవరి సంతకమూ నాకు అక్కర్లేదు," అంది.

రెండో రోజు కమాండింగ్ ఆఫీసరు సారు పిలిచారు. మంచి మనిషే. నా మేలు కోరే చెప్పారు: "విచారణ అయ్యేదాకా నిన్ను వేరే చోటికి పంపుతాను. నీకే ప్రశాంతంగా ఉంటుంది." సరే సార్ అనాలి. మాకు నేర్పిన మాట అదొక్కటే. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"సార్, తప్పు చేసింది నేను కాదు. మరి ట్రంకుపెట్టె నేనెందుకు సర్దుకోవాలి?"

మేడమ్ కిటికీ వైపు చూస్తూ నిలబడింది. సారు పెన్ను క్యాపు తీశారు, పెట్టారు. "నువ్వు చెప్పింది నిజం," అన్నారు. ఆ సాయంత్రమే హవల్దారును వేరే యూనిట్‌కు పంపించారు. వాడు ట్రంకుపెట్టె జీపులో వేసుకోవడం మా బారక్ కిటికీల్లోంచి అందరం చూశాం. మా హర్యానా పిల్ల ఈల వేయబోతే నేనే నోరు మూశాను.

విచారణలో బయటి నుంచి వచ్చిన ఒక లాయరమ్మ కూడా కూర్చుంది. నా పక్కన స్నేహితురాలిని కూర్చోనిచ్చారు. నేను చెబుతున్నంతసేపూ ఆమె మంచినీళ్ల గ్లాసు పట్టుకునే ఉంది, నేను తాగడం మరచిపోతే తనే తాగేసింది. హవల్దారు చేతులు కట్టుకుని, "ఆమె నాకు కూతురు లాంటిది," అన్నాడు.

"కూతురిని పిలిచి తలుపెందుకు మూశారు?" అని అడిగింది లాయరమ్మ.

ఆ మాట బయటికి పొక్కాక, అంతకుముందు నోరు విప్పని ఇంకో ఇద్దరు అమ్మాయిలు ముందుకొచ్చారు. తరువాత సైనిక కోర్టులో కేసు నడిచింది. వాడి హోదా పోయింది, ఉద్యోగమూ పోయింది. తీర్పు విన్న రోజు నాకు సంతోషం కంటే ఎక్కువగా నిద్ర వచ్చింది. ఎన్నాళ్లగానో బాకీపడ్డ నిద్ర.

అంతటితో అయిపోయిందనుకున్నాను. మేడమ్ అనుకోలేదు. ఒక ఆదివారం టీ కెటిల్ మోయించుకుని మా బారక్‌కు వచ్చి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "నాకు ఫిర్యాదులు రావడం లేదంటే ఏ తప్పూ జరగడం లేదనుకున్నాను. దారే మూసి ఉందని తెలియలేదు. ఏమేం మారాలో మీరే చెప్పండి," అంది.

మొదట అందరం గ్లాసుల్లోకి చూస్తూ టీ తాగాం. టీ రెండో విడత వచ్చేసరికి ఆపడం కష్టమైంది. ఫిర్యాదు కమిటీలో ఎవరికైనా నేరుగా ఇవ్వగలగాలని ఒకరు. విచారణ చేసేవాళ్లు మన యూనిట్ వాళ్లు కాకూడదు, రేపు మళ్లీ వాళ్ల కిందే పనిచేయాలి కదా అని ఇంకొకరు. ఎవరి మీద ఫిర్యాదు ఉందో వాడు మన సర్వీసు రిపోర్టులో ఒక్క ముక్క రాయకూడదని మరొకరు. పెట్టె సర్దుకోవాల్సింది వాడే అని అందరూ ఒక్కసారే. మా హర్యానా పిల్ల చెయ్యెత్తి, "స్టోర్ రూము తలుపు పీకేయాలి మేడమ్," అంది. నవ్వుకున్నాం గానీ మరుసటి వారం నిజంగానే వడ్రంగి వచ్చి ఆ చెక్క తలుపు తీసి, లోపల మనిషి కనపడేట్టు ఊచల తలుపు బిగించాడు.

సారు తన చేతిలో ఉన్నవి అక్కడికక్కడే మార్చారు. పైవాళ్లు ఒప్పుకోవాల్సినవి పైకి రాశారు. కొన్ని వచ్చాయి, కొన్ని ఇంకా రావాలి. మేడమ్ బదిలీ అయినా ఫోనులో వాటి వెంట పడుతూనే ఉంది.

కొత్తగా వచ్చే జవాన్లకు ఈ సంగతులు చెప్పే క్లాసు నాకు అప్పగించారు. ఆడవాళ్లకే కాదు, మగవాళ్లకు కూడా. మొదటి రోజు ఎదురుగా అందరూ మీసాలవాళ్లే. కమిటీ సంగతితో మొదలుపెట్టాను. వెనక వరుసలోంచి ఒకడు, "అయితే ఇంక ఆడవాళ్లతో మాట్లాడనే కూడదా?" అన్నాడు. కిసుక్కున నవ్వులు.

"పొద్దున కమాండింగ్ ఆఫీసరు సారుతో మాట్లాడావు కదా?" అన్నాను.

"మాట్లాడాను."

"మాట్లాడేటప్పుడు ఆయన నడుము మీద చెయ్యి వేశావా?"

హాలు గొల్లుమంది. అడిగినవాడే అందరికంటే ఎక్కువ నవ్వాడు. క్లాసయ్యాక ఆగి, తన చెల్లెలు కూడా మిలిటరీకి రావాలనుకుంటోందనీ, ఆ కమిటీ సంగతి ఇంకోసారి వివరంగా చెప్పమనీ అడిగాడు.

పోయిన సెలవుకు ఇంటికి వస్తే, మామ నన్ను తిన్నగా గ్రౌండుకే తీసుకుపోయాడు. ఇప్పుడక్కడ కంభం, కొమరోలు నుంచి కూడా ఆడపిల్లలు పరుగుకు వస్తున్నారు. "పరుగు తర్వాత చూద్దాం, ముందు మీ అక్క చెప్పేది ఇనండి," అని అందరినీ కూర్చోబెట్టాడు. ఇవన్నీ చెబితే పిల్లలను పంపడం మానేస్తారేమోనని నా భయం. ఒక తల్లి లేచింది.

"మానేయడమేందమ్మా? దారి తెలిస్తేనే కదా ధైర్యంగా పంపేది. సరే గానీ, ఆ కమిటీ మా మిరప చేలకు కూడా వస్తదా? మా మేస్త్రీ నోరు మంచిది కాదు."

అక్కడి నుంచే లాయరమ్మకు ఫోను చేశాను. కూలి పనులు చేసే ఆడవాళ్ల కోసం జిల్లాలో వేరే కమిటీ ఉంటుందనీ, కలెక్టరాఫీసులో అడగమనీ చెప్పింది. రెండు రోజుల తర్వాత అమ్మా, వాళ్ల కూలి గుంపూ కూలి మానుకుని బస్సెక్కారు, నన్ను ముందు పెట్టుకుని.

అక్కడ ఆ జిల్లా కమిటీ చూసే ఆఫీసరమ్మ మా గుంపును చూసి కంగారుపడింది. "ఎవరిదమ్మా కంప్లయింటు?"

"ఎవరిదీ కాదమ్మా," అంది అమ్మ. "రేపు అవసరమొస్తే ఎవరి కాడికి రావాల్నో, మీ మొహం ఎట్లుంటదో చూసిపోదామని వచ్చినాం."

ఆమె పక్కగదిలోంచి కుర్చీలు తెప్పించింది. అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పింది. పోయేటప్పుడు తన నంబరు అందరి ఫోనుల్లోనూ తనే ఎక్కించింది.

నేను డ్యూటీలో చేరిన వారానికి అమ్మ ఫోను చేసింది. మేస్త్రీ చేలో ఎప్పటిలాగే ఏదో పాడుమాట అనబోయాడట. కొత్తగా పెళ్లయి వచ్చిన పిల్లొకతి నడుం ఎత్తకుండా కాయలు కోస్తూనే, "మేస్త్రీ, మేమంతా మొన్న కలెక్టరాఫీసు చూసొచ్చినాం," అందట. ఆయన నీళ్లు తెస్తానని గట్టు మీదికి పోయాడట.

"తెచ్చినాడా?" అన్నాను.

"తెచ్చినాడే! బిందెడు తెచ్చి, అందరికీ వాడే పోసినాడు," అంది అమ్మ. అవతల ఆడవాళ్ల నవ్వుల మధ్య ఆ తరువాత ఏం చెప్పిందో నాకు వినపడనే లేదు.