ట్రెబుల్ తొమ్మిది

రోలింగ్ మిల్లులో పనిచేసేవాడికి ఒక జబ్బు అంటుకుంటుంది. కనిపించిన ప్రతి అంకెనీ రాసిపెట్టుకోవడం. మాది హిందీ ప్రాంతపు ఉక్కు పట్టణం పక్కన, ఆదిత్యపూర్ వైపు చిన్న మిల్లు, పేరెందుకు లెండి. ఎర్రగా కాలిన కడ్డీ రోలర్ల మధ్య దూరి సన్నగా సాగి బయటికొచ్చే చోట, స్టాండ్ దగ్గర, పదేళ్లు నిలబడ్డాను. గంటగంటకీ రీడింగులు లాగ్‌బుక్కులో ఎక్కించడం కూడా నా పనే. ఆ అలవాటు లేకపోతే ఈ సంగతి నాకు అప్పుడే తెలిసేది కాదు, ఇంకొన్నాళ్లు నిశ్చింతగా ఉండేవాణ్ని.

బ్లూస్ అంటే చెవి కోసుకునే రకం నేను. కాలేజీ రోజుల్లో బిష్టుపూర్‌లో ఒక క్యాసెట్టు కొన్నాను, అమెరికాలో ఎవరో ముసలి గిటారిస్టుది. తెగిపోయేదాకా విన్నాను. ఆయన ఎక్కువ వాయించడు. ఒక్క స్వరం పట్టుకుని, తీగని పక్కకి లాగి, కాసేపు వణికించి వదిలేస్తాడు. ఆ స్వరం గుండ్రంగా ఉంటుంది, అంచు మాత్రం పదును. మధ్యలో తీగ మీద వేలు జారిన కిర్రు కూడా వినపడేది, మనిషి మన మంచం మీదే కూర్చుని వాయిస్తున్నట్టు. క్యాసెట్టు పోయినా ఆ టోన్ నా తలలో భద్రంగా ఉందని నా ధీమా.

రెండువేల సంవత్సరం దాటాక కలకత్తా నుంచి ఒక డిజిటల్ డబ్బా తెప్పించుకున్నాను. పాతకాలం వాల్వ్ యాంప్లిఫయర్లు ఎలా మోగేవో లోపల లెక్క కట్టి, మన గిటార్‌ని అలాగే మోగిస్తుంది. యాంప్ మోడలింగ్ అంటారు. కావలసిన యాంప్ ఎంచుకుని బాస్, మిడిల్, ట్రెబుల్ ఓపిగ్గా తిప్పుకుంటే ఆ ముసలాయన మాంగో పేటలోని మా ఇంట్లోకి దిగుతాడని నా ఆశ. ఆదివారం టిఫిన్ కాగానే డబ్బా ముందు చతికిలబడేవాణ్ని. కుదిరిందనిపించిన అంకెలు తేదీ వేసి ఒక పాత లాగ్‌బుక్కులో రాసేవాణ్ని. మొదటి వారం ట్రెబుల్, అంటే సన్నటి శబ్దాల పదును, ఐదు.

మూడేళ్లు గడిచాక ఒక ఆదివారం మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చెవులు మూసుకుంది.

"ఏటండి అది, చెవుల్లో సూదులు గుచ్చినట్టుంది."

"సౌండు తక్కువే పెట్టాను కదా."

"సౌండు కాదండి. ఆ కీచుమనేది. కొన్నాళ్లబట్టి చెబుదామనుకుంటన్నాను."

బ్లూస్ సంగతి నీకేం తెలుసులే అని నవ్వేశాను. ఆమె వెళ్లాక ఊరికే లాగ్‌బుక్కు వెనక్కి తిప్పాను. ట్రెబుల్ ఐదు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. ఆ రోజు తొమ్మిది. ఒక్క వారం కూడా కిందికి దిగలేదు. మిల్లులో ఏ రీడింగైనా ఇలా ఒకే వైపు నడుస్తుంటే మెషీన్ ఆపి చూస్తాం. నేను మాత్రం డబ్బాని తిట్టుకున్నాను. తీగలు మార్చాను, స్పీకరు మార్చాను. టోన్ వెలిగేది కాదు, మళ్లీ ట్రెబుల్ పెంచేవాణ్ని.

చివరికి అసలుదే తెచ్చి పోల్చుకుందామని బిష్టుపూర్ అంతా గాలించి ఆ ముసలాయన సీడీ పట్టాను. పెట్టి విన్నాను. దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టుంది. పదును లేదు. వేలు జారిన కిర్రు అసలే లేదు.

"కాపీ సీడీ అంటగట్టాడు వెధవ," అన్నాను.

మా ఆవిడ గుమ్మంలో కత్తిపీట వేసుకుని బెండకాయలు తరుగుతోంది. "బాగానే ఉంది కదండి. తీగ మీద ఏలు జరిపినప్పుడల్లా కిర్రుమంటంది, అది కూడా ఇనిపిత్తంది."

"ఎప్పుడు?"

"ఇప్పుడు." వేలెత్తింది. కాసేపటికి మళ్లీ ఎత్తింది. "ఇదిగో, ఇప్పుడు."

ఆమె వేలు లేచిన చోటల్లా నాకు ఏమీ వినపడలేదు. పక్క గదిలో నాన్న టీవీ వీధి చివరిదాకా మోగుతోంది. నాకంటే ముందు అదే స్టాండ్ దగ్గర ముప్ఫై ఏళ్లు నిలబడ్డ మనిషి. మా ఇంట్లో అందరం అరిచి మాట్లాడుకుంటాం, అది మిల్లువాళ్ల అలవాటని చెప్పుకుంటాం.

మరి ఏటేటా మిల్లు గేటుకి వ్యాన్ వచ్చి చేసే చెవి పరీక్షల్లో నాది నార్మల్ అని ఉంది కదా. ఎందుకుండదు? వ్యాన్‌లో అద్దం కిటికీ ఉన్న చిన్న గది ఉంటుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటే బయట టెక్నీషియన్ మీట నొక్కి ఒక్కో శబ్దం పంపిస్తాడు, వినపడగానే బటన్ నొక్కాలి. తప్పితే స్టాండ్ నుంచి తీసేసి స్టోర్సులో కూర్చోబెడతారు. స్టోర్సువాణ్ని మిల్లులో ఎవడూ మనిషిగా లెక్కచేయడు. అందుకే నాన్న మొదటి ఏడే ఉపాయం నేర్పాడు. "అద్దంలోంచి ఆడి మోచెయ్యి సూడు. కదిలితే నొక్కెయ్." మా మిల్లులో సగంమంది పాసయ్యేది అలాగే. నేను పదేళ్లు మోచెయ్యి చూసే నొక్కాను. సిగ్గుచేటు ఏమిటంటే, ఆ కాగితం చూసుకుని నా చెవులు బాగున్నాయని నేనే నమ్మాను.

వ్యాన్ రావడానికి మూడు వారాలుంది. ఆ మూడు వారాలూ భయంతోనే బతికాను. అలారం గడియారం చెవికి ఆనించుకుని టిక్కుటిక్కు ఉందా లేదా అని చూసేవాణ్ని. మా ఆవిడ మెల్లగా ఏదన్నా అంటే పెదాలు చూసి జవాబు చెబుతున్నానని అప్పుడే గమనించాను. మోచెయ్యి చూస్తే స్టాండ్ దక్కుతుంది, ఆ మోతకి మిగిలిన వినికిడి కూడా పోతుంది. చూడకపోతే నిజం బయటపడుతుంది. ఏది ఎక్కువ భయమో తేల్చుకోలేకపోయాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, డబ్బా ముట్టుకోలేదు.

పరీక్ష రోజు బూట్లు వేసుకుంటుంటే నాన్న టీవీని మించి అరిచాడు.

"ఒరే, మోచెయ్యి మర్సిపోకు."

వ్యాన్ గదిలోకి వెళ్లి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, కుర్చీ గోడవైపు తిప్పుకున్నాను. అద్దం నా వీపు వెనక్కి పోయింది. మొదట గుమ్మని బరువైన శబ్దం వచ్చింది, నొక్కాను. ఇంకోటి వచ్చింది, నొక్కాను. ఇంకో రెండు. తర్వాత ఆగిపోయింది. టెక్నీషియన్ మెషీన్ సర్దుకుంటున్నాడనుకున్నాను. బొటనవేలు బటన్ మీదే పెట్టుకుని, ఊపిరి కూడా బిగబట్టి, తర్వాతి శబ్దం కోసం కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను.

భుజం మీద చెయ్యి పడింది. తిరిగి చూస్తే తలుపు తీసి ఉంది, ఆయన కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

"ఆగే కా షురూ నహీ కియా?" అడిగాను, తర్వాతవి మొదలెట్టలేదా అని.

ఆయన నా మొహంలోకి చూడలేదు. "హో గయా, భాయీసాబ్," అన్నాడు. శబ్దాలన్నీ పంపడం అయిపోయిందట.