ఎండాకాలంలో పెద్దవైన పీత గుడ్లు

కరోనా తర్వాత క్లాసులు మళ్లీ గాడిన పడిన ఏడాది. అప్పుడు జనగామలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. రఘునాథపల్లి నుంచి వచ్చే స్రవంతి తన ప్రాజెక్టుకి సముద్రపు పీతల గుడ్లు ఎంచుకుంది. సముద్రం ఇక్కడెక్కడుందని అడిగితే, "మార్కెట్ల ఐసు పెట్టెలల్ల వస్తనే ఉన్నయి గద మేడం" అంది.

పొట్ట కింద గుడ్ల గుత్తిని మోసే ఆడపీతను బెర్రీడ్ అంటాం. అలాంటివి చలికాలంలో కొన్ని, ఎండాకాలంలో కొన్ని కొంది. అన్నీ ఒకే జాతివి. పొదిగే కొద్దీ గుడ్డు ఉబ్బి నల్లబడుతుంది కాబట్టి, అప్పుడే పెట్టిన నారింజరంగు గుడ్లనే మైక్రోస్కోపు కింద కొలిచింది.

చలికాలపు గుడ్లు పెద్దవిగా ఉంటాయని మేం చదువుకున్నాం. ఆమెకు ఎండాకాలపువే పెద్దవిగా వచ్చాయి. మళ్లీ కొలవమన్నాను. నేనూ కూర్చుని కొలిచాను. అదే తేడా. పాడవకుండా సీసాల్లో పోసిన ఫార్మలిన్‌కి ఉబ్బాయా అనుకుంటే, అన్నీ ఒకే ఫార్మలిన్‌లో ఉన్నవే. ఏమీ పాలుపోలేదు.

"సీసాలేమన్న తారుమారైనయా?" అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. "పేరు రాసినంకనే మూత పెట్టిన మేడం. మీరే నమ్మకపోతే ఎట్ల?"

మర్నాడు కాలేజీకి రాలేదు. ప్రాజెక్టు వదిలేసిందేమోనని పరేషానయ్యాను. సాయంత్రం మార్కెట్ నుంచి ఫోన్ చేసి రమ్మంది. పీతలమ్మే యాదమ్మ ముందు నిలబడి ఉంది.

"అవ్వా, ఎండకాలం పీతలు యాడికెల్లి వచ్చినయో మేడంకు గూడ చెప్పు."

"గప్పుడు మచిలీపట్నం దిక్కు వేట బంద్ ఉంటది బిడ్డా. మంగళూరు దిక్కెల్లి వచ్చినయి. ఏందమ్మా, పాడైనయా?"

పాడు కాలేదని చెప్పి ఇద్దరం బయటికి వచ్చాం. చలికాలపువి బంగాళాఖాతానివి, ఎండాకాలపువి అరేబియా సముద్రానివి; ఋతువు మారినప్పుడే సముద్రమూ మారింది. గుడ్డును పెద్దది చేసింది ఏది? ఇంతకుముందు కంటే ఎక్కువ అయోమయంలో పడ్డాం. మళ్లీ మొదలుపెట్టే వ్యవధి లేదు.

వైవాలో ఎగ్జామినర్ సూటిగా అడిగాడు, "ఇంతకీ ఋతువు వల్ల మార్పు ఉన్నట్టా, లేనట్టా?"

"తెల్వది సార్. రెండు సముద్రాల పీతలు కలిసినయి. ఉన్నదంటే అబద్ధమైతది."

ఆయన నావైపు తిరిగాడు. "మీరేమంటారు మేడం?"

"నాకూ తెలియదు సార్."

స్రవంతి ప్యాసైంది. ఇప్పుడు ల్యాబ్‌లోకి ఏ నమూనా వచ్చినా ముందు ఎక్కడిదని అడుగుతాను. కొలత నా చదువుకు ఎదురు తిరిగితే, కొలిచిన పిల్లను మాత్రం చివరికి గానీ అనుమానించను.