ఆగలేదు, ఆపాను

లియోన్‌హార్ట్ వైడ్నర్ గారి బండి జన్మలో ఒక్కసారి కూడా ఆగిపోలేదు. ఆయనే ఆపేవారు. ఇది నా మాట కాదు, ఆయన మాటే. జర్మనీలోని మా నెకర్ లోయలో గుర్రం అక్కర్లేని బండిని మొదట నడిపిన మనిషాయన. ఆయన కార్ఖానాలో నేను పద్నాలుగేళ్లు ఫిట్టరుగా పనిచేశాను.

వాగు దాటుతుండగా బండి ఒక్క మూలుగు మూలిగి ఊరుకునేది. ఆయన మోకాలి లోతు నీళ్లలోకి దిగి, మీసం సవరించుకుని, "ఆగలేదు ఉల్రిఖ్, ఆపాను. ఇక్కడ చేపలు చూడ ముచ్చటగా ఉంటాయి" అనేవారు. ఒకసారి పెళ్లి ఊరేగింపుకు అడ్డంగా నిలబడిపోయింది. "పెళ్లికూతురికి దారిద్దామని ఆపాను" అన్నారు. "అయితే ఇవ్వండి మహానుభావా!" అని పెళ్లివారు మొత్తుకున్నారు. ఇవ్వాలంటే బండి కదలాలిగా!

వాళ్లావిడ వాల్బుర్గా అమ్మగారు ఓసారి నా ఎదుటే నిలదీసింది.

"ఊళ్లో అందరి గుమ్మాల ముందూ ఆపుతారు. మా అమ్మ ఇంటి ముందు మాత్రం ఎన్నడూ ఆపాలనిపించదేం మీకు?"

"ఏం చెయ్యను వాలీ, సరిగ్గా అక్కడికొచ్చేసరికే ఇంజను మంచి ఊపు మీద ఉంటుంది."

కొన్నేళ్లకు ఇంజను నిజంగానే కుదురుకుంది. ఊరికీ రైలు స్టేషనుకూ మధ్య మా పది సీట్ల మోటారు తిరగడం మొదలెట్టింది. దాంతో అదే దారిలో ముప్పై ఏళ్లు గుర్రపు తపాలా బండి తోలిన కాస్పర్ ఖాళీ అయిపోయాడు. బాకా గోడకు తగిలించి, కొండ మీది ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడు. ఎవరైనా జాలిపడి రొట్టె పట్టుకెళ్తే, అది బల్ల మీద పెట్టకముందే వాళ్లను గుమ్మం దింపేవాడు. ఆ శరదృతువులో గుర్రాల మాంసం అమ్మే కసాయి వచ్చి, అతని రెండు గుర్రాల పళ్లు చూసి వెళ్లాడని ఊరంతా అనుకున్నారు.

సరిగ్గా ఆ తరవాతి శనివారం, వైడ్నర్ గారు కొత్త బండిని పరీక్షించడానికి తీసుకెళ్తే, అది కాస్పర్ గుమ్మం ముందు ఆగింది.

"ఆపాను" అన్నారాయన.

కాస్పర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఇంజనీరు గారూ, లాగమంటారా?"

"నీకు వేరే పనేం లేకపోతే."

కాస్పర్ గుర్రాలను కట్టి, బాకా ఊదుకుంటూ, బండిని బజారు మధ్యనుంచి లాక్కొచ్చాడు. జనం ఈలలు వేశారు. వైడ్నర్ గారు ఊరేగుతున్న రాజుగారిలా టోపీ ఎత్తి అందరికీ నమస్కారాలు పెట్టారు. కూలి కింద రెండు బస్తాల గుర్రపు దాణా పంపించారు. మరుసటి శనివారం అదే గుమ్మం, అదే బాకా. ఆ పై శనివారమూ అంతే.

నాకు తల కొట్టేసినట్టయ్యేది. ప్రతి సోమవారం ఇంజను విప్పి పరిచేవాణ్ని. పైపులు మార్చాను, కార్బురేటరు కడిగాను, తీగలన్నీ కొత్తవి వేశాను. ఒక్క లోపం దొరికితే ఒట్టు!

ఇంతలో స్టుట్‌గార్ట్ నుంచి తపాలా అధికారులు ముగ్గురు వచ్చారు. బండి నచ్చితే ఆరు బండ్లకు ఆర్డరు. నచ్చకపోతే కార్ఖానాకు తాళం, మా ముప్పై కుటుంబాలు వీధిలో. కొండ ఎక్కుతుంటే నేను వైడ్నర్ గారి పక్కన కూర్చున్నాను. గుర్రాలకు గంట పట్టే ఎత్తును పదకొండు నిమిషాల్లో ఎక్కేసింది బంగారు తల్లి. అల్లంత దూరంలో కాస్పర్, ఇత్తడి బొత్తాల పాత కోటు తొడుక్కుని, గుర్రాలను కట్టి సిద్ధంగా నిలబడ్డాడు.

అప్పుడు చూశాను. వైడ్నర్ గారి ఎడమ చెయ్యి మెల్లగా సీటు కిందికి వెళ్లి పెట్రోలు కుళాయి కట్టేసింది.

"అయ్యగారూ! ఏం చేస్తున్నారు?"

"నోరు ముయ్" అన్నారు పళ్ల మధ్యనుంచి. "ఆపుతున్నాను."

ఇన్ని శనివారాలుగా ఆ మహానుభావుడు పచ్చినిజం చెబుతుంటే ఊరంతా కలిసి నవ్వామన్నమాట!

కుళాయి తిప్పమని నా చేతులు ఒకటే దురద. కానీ కాస్పర్ అప్పటికే తాడు పట్టుకుని, యుద్ధానికి వెళ్తున్న సేనాపతిలా నడిచొస్తున్నాడు. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

"ఆగిపోయిందా?" అన్నాడు పెద్ద అధికారి.

"తరచూ ఇక్కడే ఆగుతుందండి" అన్నాడు కాస్పర్, మాకు సాయం చేస్తున్నాననుకుని. "ఏం భయం లేదు, నేనున్నాను."

గుర్రాలు ఇరవై అడుగులు లాగేసరికి ఇంజను మళ్లీ గుర్రుమంది. కుళాయి ఎవరు తిప్పారో చెప్పక్కర్లేదు.

అధికారులు ముగ్గురూ పక్కకెళ్లి గుసగుసలాడారు. నేను మనసులో మా ఆవిడతో సామాన్లు సర్దించేస్తున్నాను. పెద్దాయన తిరిగొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"కొండ ఎక్కడం అద్భుతం. ఆరు బండ్లూ తీసుకుంటాం. కానీ ఈ ఆగే జబ్బుకు మందుండాలి. ఈ మనిషినీ, ఈ రెండు గుర్రాలనూ తపాలా జీతం మీద ఇక్కడే ఉంచాలి. ఒప్పుకుంటేనే సంతకం."

వైడ్నర్ గారు ఎంతో బాధపడుతున్నట్టు ముఖం పెట్టి ఒప్పుకున్నారు.

తిరుగుదారిలో అడిగాను. "ఇదంతా ముందే ఆలోచించారా అయ్యగారూ?"

"ఆలోచనా, పాడా!" అన్నారు నుదుటి చెమట తుడుచుకుంటూ. "ఆ గుమ్మం కనపడగానే చెయ్యి అలవాటుగా వెళ్లిపోయింది. ప్రాణాలు పోయాయనుకో."

ఆ సాయంత్రం సత్రంలో కాస్పర్ కొత్త తపాలా టోపీ పెట్టుకుని, మా బల్ల దగ్గరికొచ్చి, వైడ్నర్ గారి భుజం తట్టాడు.

"బాధపడకండి ఇంజనీరు గారూ. కష్టపడే మనిషి మీరు. ఏదో ఒకనాటికి మంచి ఇంజను చెయ్యడం మీకూ పట్టుబడుతుంది."

"నీ నోటి చలవ, కాస్పర్" అన్నారాయన వినయంగా, అతని కోసం ఇంకో గ్లాసు తెమ్మని చెబుతూ.