తొలి నీళ్లకి ఎదురెళ్లే పాపాయి

మా వీధిలో పాపాయి అరిస్తే పాలకొల్లు బస్టాండులో కాకులు లేచిపోతాయి. కాస్త ఎక్కువ చెప్పానేమో గానీ, ఒక్క కాకైనా లేవడం ఖాయం. అరవై రెండేళ్ల మనిషి. నలభై ఏళ్లు ఊడ్పులు ఊడ్చి, కలుపు తీసి, చేతులు తాటిమట్టల్లా చేసుకుంది. అందరికీ కోపం ముక్కు మీద ఉంటే ఆవిడకి నాలిక మీదే కాపరం పెట్టింది.

ఆ కోపం దేని మీదో తెలిస్తే మీరు నవ్వుతారు. మేమూ నవ్వాం. కళ్లుండి చూడని వాళ్ల మీద.

ఏటా వేసవిలో కాలవలు కట్టేస్తారు కదా. మా ఊరి పిల్లకాలవ రెండు నెలలు ఎండి, నెర్రెలు విచ్చి, ఊరి చెత్తంతా కప్పుకుని పడుంటుంది. జూన్‌లో ధవళేశ్వరంలో నీళ్లు వదిలితే అవి పెద్దకాలవలో నడిచి నడిచి మూడో రోజుకో నాలుగో రోజుకో మా తూము దగ్గరికొస్తాయి. తూము తలుపు ఎత్తితే పిల్లకాలవలోకి దిగుతాయి. నీళ్లొచ్చాయంటే ఊళ్లో అందరికీ నారుమళ్లు గుర్తొస్తాయి. పాపాయికి మాత్రం అది పండగ. కాపరానికొచ్చిన ఏడాది నుంచీ ఆ రోజు కూలి మానేసి, ఎండిన కాలవలోకి దిగి, నీళ్లకి ఎదురెళుతుంది.

తొలి నీళ్లు ఒక్కసారిగా రావు. ముందు ఒక నాలిక వస్తుంది, నురగతో, గడ్డిపరకలు మోసుకుంటూ. నెర్రె దగ్గర ఆగుతుంది. అందులోకి దిగి, బుడగలొదులుతూ గుటకలేసి, అది నిండాక మళ్లీ కదులుతుంది. చీమలు గుడ్లు నోట కరుచుకుని గట్టెక్కుతాయి. ఎవరు కబురు పెడతారో, కొంగలు దిగిపోతాయి. పాపాయి ఆ నాలికకి రెండడుగుల ముందు, వెనక్కి వెనక్కి నడుస్తూ, కొత్త కోడల్ని ఇంటికి తెచ్చుకున్నట్టు దాన్ని ఊరిదాకా తెచ్చేది. ఊరు రాగానే తలుపులు బాదేది.

"లేవండర్రా! నీళ్లొస్తంటే టీవీ చూత్తన్నారా? మీ కళ్లు కాకులకెయ్య!"

మొదట్లో వీధంతా వెళ్లేవాళ్లం. తర్వాత సగం వీధి. ఆఖరికి నేనొక్కదాన్నే మిగిలాను, అదీ మర్నాడు పదిమందికి చెప్పుకోవచ్చని. పాపాయి నీళ్లతో మాట్లాడుతుందనీ, నీళ్లు తిరిగి జవాబిస్తాయనీ నేనే చెప్పాను. మొదటి ముక్క నిజం. రెండోది నా సొంతం. అది నాకంటే ముందు నర్సాపురం చేరింది.

ఇక ఆవిడ మొగుడు అబ్బులు. ముప్పయ్యారేళ్లు ఆ తూము మీదే లస్కరు. తలుపు ఎత్తడం, దించడం, అదే ఉద్యోగం. ముప్పయ్యారుసార్లు తొలి నీళ్లని తన చేత్తో వదిలాడు. ఒక్కసారన్నా వంగి చూశాడా? తలుపెత్తేసి, చుట్ట ముట్టించి, గొడుగేసుకుని ఇంటికొచ్చేసేవాడు.

"బూరెల మూకుడు ముందు కూచుని బూరె రుచి తెలీనోడివి" అని తిట్టేది పాపాయి.

"రోజూ చూసే నీళ్లేనే" అనేవాడు అబ్బులు.

రెండేళ్ల కిందట ఆవిడ కళ్లకి శుక్లాలొచ్చాయి. అయినా ఆ రెండేళ్లూ కాలవలోకి దిగింది. నీళ్లు కాళ్లకి తగిలాయి గానీ కళ్లకి ఆనలేదు. గట్టు మీద కూర్చుని కాలవని తిట్టింది, కళ్లని తిట్టింది, నన్నూ తిట్టింది. మొన్న మార్చిలో రాజమండ్రి తీసుకెళ్లి ఆపరేషన్ చేయించారు. కట్టు విప్పి, "ముందు ఏం చూడాలనుందమ్మా?" అని డాక్టరుగారు అడిగితే "నీళ్లు" అందట. పాపం, ఆయన గ్లాసుతో నీళ్లు తెప్పించారట.

అప్పట్నుంచీ జూన్ కోసం రోజులు లెక్కపెట్టుకుంది. ఆ రోజు రానే వచ్చింది. తెల్లారకుండానే నీళ్లు తూము దగ్గరికొచ్చాయని కబురు. ఏడింటికల్లా పాపాయి కాలవలో ఉంది, నేను గట్టు మీదున్నాను. ఎనిమిదైంది. తొమ్మిదైంది. పదైంది. ఒక్క చుక్క రాలేదు.

"ఒసేయ్ మాణిక్యాంబా, తూము దగ్గర ఏదో జరుగుతోందే" అని చీర ఎగ్గట్టి నడిచింది. రెండు కిలోమీటర్లు. నా ఆయాసం చెప్పుకుంటే మరో కథవుతుంది.

తూము దగ్గర షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, తాటిచెట్టంత ఫ్లెక్సీ. అందులో నీటిసంఘం ప్రెసిడెంటు సురేష్‌బాబు రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. ఫ్లెక్సీ కింద అసలు సురేష్‌బాబు ఫోన్లో ఉన్నాడు.

"ఆగండి పిన్నిగారూ, పెద్దాయన, మన ఎమ్మెల్యేగారు, పన్నెండింటికొస్తారండి. కాలవలో పసుపు కుంకుమ, చీర వేసి, ఆయన చేత్తోనే తలుపెత్తిద్దామని. డ్రోన్ కూడా తెప్పించానండి ఆయ్."

"నీళ్లొచ్చి ఎంతసేపయ్యింది?"

"తెల్లారగట్లే వచ్చేసినాయండి. ఆపించాం. ఒకేసారి ఫుల్లుగా ఎత్తేస్తే వీడియోలో ఉరకాలి కదండీ మరి!"

పాపాయి మొహం ఎండుమిరపకాయైంది.

"ఉరికితే ఏం కనపడతాదిరా? నెర్రె కనపడతాదా? చీమ గట్టెక్కుతాదా, కొట్టుకుపోద్దా? రెండేళ్లు గుడ్డిదాన్నయి కూచున్నాను. కళ్లు కోయించుకున్నది నీ ఉరుకుడు చూట్టానికా?"

"మెల్లిగా వస్తే లాభమేంటండీ?"

"నీ ఫ్లెక్సీ వల్ల లాభమేంటి? పిట్టలైనా బెదరట్లేదు!"

షామియానా అంతా గొల్లుమంది. సురేష్‌బాబుకి మండింది. "నీళ్లతో మాట్లాడే పిచ్చావిడ మీరే కదా? నీళ్లు జవాబు చెప్తాయంట కదా? అడగండి మరి, ఎప్పుడొస్తాయో!" అన్నాడు. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. నా నోట పుట్టిన మాట తిరిగొచ్చి ఆవిడ మొహాన పడింది. ఆ సురేష్‌బాబుని కాలవలో ముంచాలనిపించింది, పక్కనే నన్నూ.

పాపాయి కుర్చీల వైపు తిరిగింది. ముందు వరసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని అబ్బులు కూర్చున్నాడు. రిటైరైన లస్కరని ఆ రోజు శాలువా కప్పుతామన్నారు.

"ఏవయ్యా, ముప్పయ్యారేళ్లు నువ్వెత్తావు ఈ తలుపు. ఎవడి మొహం కోసవన్నా ఆపావా? నువ్వు చూడవు, సరే. నన్ను కూడా చూడనివ్వరా మీరంతా? పైకి బతికే ఉన్నారు గానీ లోపల ఏనాడో నెర్రెలిచ్చేశారు!"

అరుపైతే మాకు అలవాటే. ఆ ఆఖరి ముక్క అరవలేదు, మెల్లిగా అంది. అబ్బులు లేచి, తూము మీద నిలబడ్డ కొత్త లస్కరు వీరబాబు దగ్గరికెళ్లాడు.

"హ్యాండిలు ఇలా తే."

"నా ఉద్యోగం పోద్దండి బాబాయ్!"

"టీ తాగిరా."

వీరబాబు టీకి వెళ్లిన వేగానికి నాకు నవ్వొచ్చింది. సురేష్‌బాబు రోడ్డు మీద కార్ల కోసం మెడ సాచి చూస్తుండగా అబ్బులు హ్యాండిలు రెండు చుట్లు తిప్పాడు. తలుపు నాలుగు వేళ్లు లేచింది, అంతే. ఇంకెవరూ తిప్పకుండా హ్యాండిలు ఊడదీసి చంకలో పెట్టుకుని, ఇస్త్రీ చొక్కాతోనే కాలవలోకి దిగాడు.

నాలిక బయటికొచ్చింది. పాపాయి వెనక్కి వెనక్కి నడిచింది. పక్కన అబ్బులు. గట్టు మీద సురేష్‌బాబు కేకలు: "కేసు పెడతాను! ఎవడెత్తమన్నాడు?"

"నేనే ఎత్తాను! పెట్టుకో! రిటైరైనోడి ఉద్యోగం ఎలా పీకుతావో నేనూ చూత్తాను!" అన్నాడు అబ్బులు. ఆ మనిషికి అంత గొంతుందని నాకు అప్పుడే తెలిసింది.

పెద్దాయన ఒకటిన్నరకొచ్చాడట. తడిసిపోయిన కాలవలో పసుపు కుంకుమ వేసి, నీళ్లకి వీపు పెట్టి, కెమెరాకి మొహం పెట్టి, అయిదు నిమిషాల్లో వెళ్లిపోయాడట. అబ్బులు శాలువా మళ్లీ కవర్లోకెళ్లింది.

కాలవలో ఇద్దరూ ఒక పెద్ద నెర్రె దగ్గర ఆగారు. నీళ్ల అంచున సన్నటి దుమ్ము పొర, అందులో ఆకాశం ముక్క వణుకుతోంది. అంత చిన్నది ఆవిడకి ఎన్నేళ్ల తర్వాత కనపడిందో. నడుం వంచి మొహం నీళ్లదాకా తెచ్చింది.

అలా వంగే అడిగింది. "ఎలాగుంది?"

"బానే ఉంది" అన్నాడు అబ్బులు.

"బానే ఉందా? బానే ఉందా! ముప్పయ్యారేళ్లు తినకుండా పారబోసినోడివి, బానే ఉందా?"

తిడుతూనే ఉంది. అబ్బులు వినడం లేదు. నెర్రె అంచున గొంతుక్కూర్చుని, బుడగ పైకొచ్చి పగలడం చూస్తున్నాడు. ఇంకోటి. ఇంకోటి.

"ఏవే, ఇది నిండేదాకా కదలదా?"

"కదలదు."

"మరి నిండిందని దానికెలా తెలుస్తాదే?"

ఆ సంగతి పాపాయికీ తెలీదు. చీర కుచ్చెళ్లు దోపుకుని, ఆయన పక్కనే కూలబడింది.

"నీ కాలు అడ్డం తియ్యి" అంది. "దాన్ని రానీ."