చదరపు ముద్ర పడని కవరు

ఆఫీసులో అందరూ ఆమెను సీలమ్మ అనేవాళ్ళు. ప్రభుత్వం తరఫున కేసులు వాదించే పీపీ గారి ఆఫీసులో రికార్డు గది ఆమెది. పన్నుల శాఖ నుంచి వచ్చే జనాల ఆదాయం కాగితాలు కవర్లో పెట్టి, లక్క కరిగించి సీలు వేయడం ఆమె పని. ఏ కేసు కోసం వచ్చిన కాగితాలు ఆ కేసుకే వాడాలి. కవరు విప్పాలంటే పీపీ గారైనా సరే, రిజిస్టరులో సంతకం పెట్టి ఎందుకో రాయాల్సిందే. ఇరవై రెండేళ్ళలో ఒక్క అంకె కూడా ఆమె నోటి నుంచి జారలేదు. "నీ నోటికి కూడా లక్క పెట్టారటే?" అని మొగుడు ఆటపట్టిస్తే, "పెట్టబట్టే నీ సంగతులు ఇంకా ఊరికి తెలియలేదు" అనేది.

అలాంటి మనిషికి ఆ రోజు ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి!

పదకొండింటికి కుట్టుమిషన్ల కొట్టు నడిపే ఆవిడ కౌంటరు దగ్గరికి వచ్చింది. తప్పుడు బిల్లులతో పన్ను ఎగ్గొట్టిన బట్టల వ్యాపారి కేసులో ఈవిడ వట్టి సాక్షి. అప్పట్లో కాగితాలు ఇవ్వడానికి జంకుతుంటే, "మీ లెక్కలు ఈ గడప దాటవు, నాది పూచీ" అని నచ్చజెప్పింది సీలమ్మే. కేసు ముగిసి మూడు నెలలైంది. ఇప్పుడు కొట్టు యజమాని అద్దె రెట్టింపు చేశాడట. ఇచ్చుకోలేనంటే, ఆవిడ ఏడాదికి ఎంత సంపాదిస్తుందో చిల్లరతో సహా ఒప్పజెప్పాడట. ఆసుపత్రి ఖర్చు కింద ఎవరి పేరున ఎంత మినహాయింపు అడిగిందో కూడా పక్క కొట్లవాళ్ళు వింటుండగానే చెప్పాడట. సాయంత్రంలోగా ఒప్పుకోవాలి, లేదంటే తాళాలు ఇచ్చేయాలి. ఆ యజమాని ఎవరో కాదు, సాక్షాత్తూ పీపీ గారి బామ్మర్ది.

సీలమ్మ లోపలికి వెళ్ళి బీరువా తెరిచింది. కవరు ఉన్నచోటే ఉంది, లక్క కూడా నున్నగానే ఉంది. కానీ దాని మీద గుండ్రటి ముద్ర ఉంది. నడుస్తున్న కేసులకు గుండ్రటిది, ముగిసిన వాటికి చదరపుది వేయడం ఆ గది పద్ధతి. కేసు ముగిసిన రోజునే సీలమ్మ ఈ కవరుకు చదరపుది వేసింది. గుండ్రటిది బల్ల మీదే పడి ఉంటుంది, చదరపుది సీలమ్మ సంచిలో ఉంటుంది. ఈ తేడా తెలియని పెద్దమనిషెవరో చేతికి అందిన ముద్ర గుద్దేసి పోయాడు. బీరువాకు రెండో తాళంచెవి ఉన్నది ఒక్క పీపీ గారి దగ్గరే. కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకుంటాం?

వెళ్ళి అడిగితే ఆయన బుకాయించనైనా లేదు. ఇంట్లోవాళ్ళు అడిగితే చూశాడట, అదేమంత నేరం కాదట. కవర్లు సరిచూసుకోవడానికి తానే విప్పానని సీలమ్మ తన పేరున రాసేసుకుంటే సరిపోతుందట. ఎంత సులువుగా చెప్పాడో! ఇరవై రెండేళ్ళ నమ్మకం ఈయన బామ్మర్ది అద్దె పాటి చేయలేదన్నమాట.

ఆమె కౌంటరుకు వచ్చి రిజిస్టరు తెరిచింది. విప్పినవారు పీపీ గారు. సంతకం లేదు. కారణం, బామ్మర్ది కొట్టు అద్దె. కోపంలో అక్షరాలు గీత దాటాయి.

వెనకే వచ్చిన పీపీ గారు అది చదివి గొంతు తగ్గించాడు. ఆ వరుస కొట్టేస్తే బామ్మర్దికి చెప్పి పాత అద్దెకే కొట్టు ఉంచుతానన్నాడు. కొట్టేయకపోతే సీలమ్మ ఉద్యోగం సంగతి చూస్తానన్నాడు.

ఉద్యోగం తనది, కొట్టు తనది కాదు. ఎవరి కాగితాలో వాళ్ళు వచ్చి, తమ కవరు ఎవరు విప్పారో చూసి సంతకం పెట్టవచ్చని నిబంధన ఉంది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఎవరూ వాళ్ళకు చెప్పలేదు. సీలమ్మా చెప్పలేదు. అది తలుచుకునేసరికి ఆమెకు తన మీదే కోపం వచ్చింది. రిజిస్టరు కౌంటరు అవతల నిలబడ్డ కొట్టు ఆవిడ వైపు తిప్పింది.

"ఇవి మీ లెక్కలమ్మా. ఈ వరుస కొట్టేస్తే పాత అద్దెకే మీ కొట్టు ఉంచుతారట. ఉంచమంటే ఉంచుతాను, కొట్టేయమంటే కొట్టేస్తాను. నా ఉద్యోగం సంగతి మీరు చూడకండి."

ఆవిడ ఆ వరుస రెండుసార్లు చదివింది. పెన్ను అడిగి పక్కనే సంతకం పెట్టింది. నకలు కావాలంది. పీపీ గారు చూస్తుండగానే సీలమ్మ నకలు తీసి, ముద్ర వేసి, ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో వెనక రాసిచ్చింది. ఆయన తలుపు దబాలున వేసుకుని వెళ్ళిపోయాడు. సీలమ్మకు కడుపు చల్లబడినట్టయింది, కానీ అది నిమిషం సేపే.

ఆవిడ నకలు మడిచి సంచిలో పెట్టుకుంది. గొంతు పెంచకుండానే అంది.

"తాళాలు సాయంత్రం ఇచ్చేస్తాను. మా అబ్బాయి జబ్బు సంగతి మా అత్తగారికే చెప్పుకోలేదు మేడమ్, ఇప్పుడు వీధంతా తెలుసు. మీరు పూచీ అన్నారనే ఆ కాగితాలు ఇచ్చాను. ఇకమీదట ఎవరు పిలిచినా సాక్ష్యానికి రాను. మీరు పిలిచినా రాను."