ఇటలీ సరుకు

స్ఫాక్స్ పట్నంలో పంక్చర్లు వేసే మొంజీ కోపాన్ని ఊరగాయలా జాడీలో దాచుకునే రకం. నిరుడు ఎవరో అతని కారు అల్లాయ్ చక్రాలు నాలుగూ ఊడదీసుకుని, బండిని ఇటుకల మీద నిలబెట్టి పోయారు. ఆదివారం సంతలో అవే చక్రాలు పాత కారు సామాన్లమ్మే నూరీ దుకాణంలో కనిపించాయి, అంచున పాత గీతతో సహా.

"ఇటలీ సరుకన్నా, నా పిల్లల మీద ఒట్టు," అన్నాడు నూరీ.

ఆ సంతలో నిలదీసినవాడికి సరుకు దక్కదు. మొంజీ డబ్బులిచ్చి తన చక్రాలు తనే కొనుక్కున్నాడు.

ఈ వసంతంలో నూరీ కొత్త కారు కొన్నాడు. దొంగల భయం పట్టుకుని, చక్రాలకు తాళం నట్లు బిగించమంటూ మొంజీ దగ్గరికే వచ్చాడు. ప్రత్యేకమైన తాళంచెవి ఉంటే తప్ప ఆ నట్లు ఊడవు. మొంజీ చక్రానికొకటి బిగించి, తాళంచెవి తన జేబులో వేసుకుని, ఖాళీ డబ్బాకు మూతపెట్టి ఇచ్చాడు.

నూరీ కూతురి పెళ్లి ఊరేగింపులో, పెళ్లికూతురు కూర్చున్న ఆ కారుకే పంక్చరైంది. వెనక ముప్ఫై కార్లు హారన్లు కొడుతుంటే నూరీ మొంజీ కొట్టుకు పరిగెత్తుకొచ్చాడు.

"అన్నా, డబ్బాలో తాళంచెవి లేదు. నీ దగ్గర గానీ ఉండిపోయిందా?"

మొంజీ తాపీగా టీ చప్పరించాడు.

"ఆదివారం దాకా ఆగు తమ్ముడూ, సంతకొస్తుంది. ఇటలీ సరుకు, నా పిల్లల మీద ఒట్టు."